నారాయణగూడ క్యారెక్టర్ ఆర్ట్ స్టూడియో: బొమ్మకి సై, మినీకి ఆగండి

ముందే తేల్చి చెప్పేస్తా. డైస్ వేసి పాత్రలు కట్టి ఆడే కథల ఆటలో మీ క్యారెక్టర్‌కి బొమ్మ గీయించుకోవాలంటే వీళ్ళ దగ్గరికి కళ్ళు మూసుకుని వెళ్ళండి. మినియేచర్ కోసమైతే, అంటే ఆట టేబుల్ మీద నిలబెట్టే చిన్న ప్రతిమ కోసమైతే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మీరు ఆడేది గోలియత్ లాంటి భారీ శాల్తీ అయితే ఆ బెంగ కూడా అక్కర్లేదు. నోమ్ అనే మూడడుగుల పొట్టి జాతి పాత్ర ఆడేవాళ్ళ కోసమే ఇంత రాస్తున్నా.

స్టూడియో నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే, హిమాయత్‌నగర్ వైపు సందులో. కింద జిరాక్స్ షాపు, పైన ట్యూషన్ సెంటర్, దాని పక్క గదిలో వీళ్ళు. బోర్డు లేదు. పేరు నేనూ రాయను. ఇద్దరు కుర్రాళ్ళు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నారు, నా ఫిర్యాదేదో వాళ్ళ ముఖం మీదే చెప్పి వచ్చాను. హైదరాబాద్‌లో టేబుల్ మీద డైస్ వేసి ఆడే జనం ఎంతమంది ఉంటారు గనక, ఈ గుర్తులు చాలు, పట్టేస్తారు. ఒకతను మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివాడు, బొమ్మలు గీస్తాడు. రెండో అతను ప్రింటర్ చూసుకుంటాడు.

నేను డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. క్రౌన్లు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్ళ సెట్లు మా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల దవడల అచ్చులు, ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచి వస్తువులు చేసే రెజిన్ ప్రింటర్లే నా లోకం. శనివారం రాత్రి తార్నాకలో మా తమ్ముడి ఫ్లాట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. కథ నడిపించే డీఎం (డంజన్ మాస్టర్) వాడే. అక్క కదా అని ఒక్క డైస్ కూడా వదిలిపెట్టడు.

నా క్యారెక్టర్ రాక్ నోమ్ (నోమ్‌లలో ఒక రకం), ఆడమనిషి, వయసు 212. నోమ్‌లు 350 నుంచి దాదాపు 500 ఏళ్ళు బతుకుతారు, కాబట్టి ఈవిడది నడివయసు. గడియారాలు బాగుచేస్తుంది. నోమ్‌కి అమ్మ ఒక పేరు, నాన్న ఒక పేరు, వంశం పెద్ద ఒక పేరు, మేనత్తలూ మేనమామలూ తలా ఒక పేరు పెడతారని ఆట నియమాల పుస్తకం, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. బారసాల నాడు బియ్యంలో రాసే పేరు ఒకటి, వీధి గుమ్మంలో నిలబడి కేకేసే పేరు ఇంకొకటి ఉండే మన ఇళ్ళలాగే. అందుకని ఈవిడకీ బారెడు పేరు పెట్టాను, టేబుల్ మీద అందరూ గవ్వ అంటారు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు బొమ్మల అబ్బాయికి ఒక కాగితం ఇచ్చాను. ఏం కావాలో కాదు, ఏం వద్దో. ఎర్ర కుచ్చు టోపీ వద్దు. నుదుటి మీద గాగుల్స్ వద్దు. గులాబీ రంగు పిలకలు వద్దు. వాడు చదివి, "అక్కా, ఇవన్నీ తీసేస్తే నోమ్‌ల ఇంకేం మిగుల్తది?" అన్నాడు. నాకు అక్కడే నచ్చాడు, ఎందుకంటే అసలు ప్రశ్న అదే.

ఆ మూడూ ఎక్కడి నుంచి వచ్చాయో వాడికి చెప్పాను, మీకూ చెప్తా. 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు పారాసెల్సస్ నోమ్‌లని భూమికి చెందిన జీవులుగా రాశాడు. మనం గాలిలో తిరిగినట్టు వాళ్ళు మట్టిలో తిరుగుతారట. ఎర్ర టోపీ అంటగట్టింది ఎక్కువగా తోట బొమ్మలే. జర్మనీలో తురింజియా ప్రాంతంలో 19వ శతాబ్దంలో మట్టితో చేసి కాల్చి అమ్మేవాళ్ళు. 1840లలో చార్లెస్ ఐషమ్ అనే ఇంగ్లండ్ జమీందారు జర్మనీ నుంచి 21 బొమ్మలు తెచ్చి లాంపోర్ట్ హాల్ తోటలో పెట్టుకున్నాడు, వాటిలో ఒకటే మిగిలింది. తర్వాత 1976లో నెదర్లాండ్స్‌లో వచ్చిన నోమ్‌ల బొమ్మల పుస్తకం ఒకటి ఆ టోపీని ప్రపంచం మొత్తానికి తొడిగేసింది. అందమైన పుస్తకమే, కాదనను. కానీ గొయ్యి తవ్వి మట్టిలో బతికేవాడికి అంత పొడుగు టోపీ ఏం సౌకర్యం?

గాగుల్స్ సంగతి ఇంకా కొత్తది. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో నోమ్ ప్రత్యేకత రెంచి కాదు, కనికట్టు. ఇల్యూజనిస్టు కావచ్చు, బొరియల్లో ఉండే జంతువులతో మాట్లాడొచ్చు. పేలిపోయే యంత్రాల పిచ్చి 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ అనే కథాలోకంలోని టింకర్ (యంత్రాలు తయారుచేసే) నోమ్‌ల పుణ్యం. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్ వచ్చి ఆ మెకానిక్ వేషాన్ని ఖాయం చేసేసింది. గవ్వ కూడా చేత్తో పనిచేసే మనిషే, నాకు యంత్రాలతో గొడవ లేదు. గాగుల్స్ పెట్టేస్తే ఇక ముఖం గురించి ఆలోచించక్కర్లేదని అనుకునే బద్ధకంతోనే గొడవ.

ఇక గులాబీ పిలకలు. ఇక్కడ నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆటలో రంగురంగుల జుట్టుకి అర్థం ఉంది. అక్కడ నోమ్‌లు ఫే (మాయాజీవుల) లోకం నుంచి వచ్చినవాళ్ళు, కొత్త అనుభవాలు లేకపోతే ఒంట్లో రంగు వెలిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది, దానికి బ్లీచింగ్ అని పేరు. కాబట్టి ఆకుపచ్చ జుట్టు అంటే వాడు ఇంకా బతుకు మీద ఆశతో ఉన్నాడని లెక్క. మిగతా చోట్ల కథ వేరు. మగ నోమ్‌కి ముక్కు ఇస్తారు, ముడతలిస్తారు, చెవుల్లో వెంట్రుకలు కూడా ఇస్తారు. ఆడ నోమ్ దగ్గరికొచ్చేసరికి గుండ్రటి బుగ్గలు, చెంపకి చారెడు కళ్ళు, రెండు పిలకలు. వార్‌క్రాఫ్ట్‌లో చూడండి, పక్కపక్కన నిలబెడితే తాతా మనవరాళ్ళలా ఉంటారు. 212 ఏళ్ళావిడకి పలక చేతికిచ్చి బడికి పంపడమే తక్కువ.

మొదటి స్కెచ్ సరిగ్గా ఆ గోతిలోనే పడింది. టోపీ లేదు, గాగుల్స్ లేవు, జుట్టు నెరిసింది, నుదుటి మీద రెండు గీతలు కూడా ఉన్నాయి. అయినా ఆరేళ్ళ పిల్ల అమ్మ చీర చుట్టుకున్నట్టుంది. ఎక్కడ తేడా కొడుతోందో వాడికీ తెలుస్తోంది గానీ పట్టుకోలేకపోతున్నాడు.

ఇక్కడ నా వృత్తి పనికొచ్చింది. వయసు ముడతల్లో కన్నా దవడలో ఉంటుంది. పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వచ్చేకొద్దీ దవడ ఎదిగి, ముక్కు కింది నుంచి గడ్డం దాకా ఉండే భాగం పొడుగవుతుంది. పసిపిల్లలకి ఆ భాగం పొట్టి, నుదురు పెద్దది, కళ్ళు తల మధ్య గీతకి కిందగా ఉంటాయి. పెద్దవాళ్ళలో కళ్ళు దాదాపు తల సగంలో ఉంటాయి. మీరు నుదురు పెద్దది గీసి, దవడ కుదించి, పైన ఎన్ని ముడతలు రుద్దినా అది పిల్ల ముఖమే. ఇంకోవైపు తప్పు కూడా చాలామంది చేస్తారు. ముక్కు, గడ్డం ఒకదానికొకటి ముద్దుపెట్టుకునేలా వంచేస్తారు. నోమ్ ముసలాడంటే అలాగే గీయాలని ఎవరు చెప్పారో గానీ, నాకు మాత్రం అది పళ్ళన్నీ ఊడిపోయి సెట్ పెట్టుకోని మనిషి ముఖం. అలాంటివాళ్ళు మా ల్యాబ్‌కి పని పంపే డాక్టర్ల దగ్గర రోజూ క్యూలో ఉంటారు. సెట్ పెడితే ముఖం మళ్ళీ పొడుగవుతుంది.

ఇంతా చెప్పి, ఒక పెద్దావిడ దవడ అచ్చు ఫొటో చూపించాను. పేరూ వివరాలూ లేనిదే లెండి. వాడు కాసేపు చూసి, అలమార నుంచి పాత స్కెచ్‌బుక్ ఒకటి తీశాడు. కాలేజీ స్టడీ టూర్‌లో బాదామి వెళ్ళినప్పుడు గీసినవి. 6వ శతాబ్దపు ఆ చాళుక్య గుహల్లో అరుగు అంచున వరసగా శివగణాలు ఉంటాయి చూడండి, పొట్టి కాళ్ళు, బాన పొట్ట, ఒకడు డోలు కొడుతుంటే ఇంకొకడు గెంతుతుంటాడు. "గీళ్ళని చూడక్కా, పొట్టిగున్నరు గని పిల్లలు గారు. బరువున్నది ఒంట్ల" అన్నాడు. అంతే, ఆ తర్వాత నేను పెద్దగా చెప్పింది లేదు. భుజాలు వెడల్పు చేశాడు, మెడ కుదించాడు, బరువంతా ఒక కాలి మీద వేసి తుంటి పక్కకి జరిపాడు. పెద్ద మనిషి ఎత్తులో ఏడు, ఏడున్నర తలలు పడతాయి. గవ్వకి ఐదు పెట్టాడు. మామూలుగా ఐదు తలలంటే చిన్నపిల్ల కొలతే. కానీ ఆ భుజాలకీ ఆ మోచేతులకీ పిల్ల అనిపించదు.

ఫైనల్ బొమ్మ ఇప్పుడు నా ఫోన్‌లో వాల్‌పేపర్. గవ్వ ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఎడమ చేత్తో గడియారం పల్లెం పట్టుకుని, కుడిచేతిలోని పట్టకారుతో చిన్న పళ్ళచక్రం ఎత్తుతోంది. పల్లెం మన చేతిలో అయితే మామూలు గోడ గడియారమే, ఆవిడ ఒడి మొత్తం నిండిపోయింది. మూడడుగుల మనిషని చెప్పడానికి పక్కన పుట్టగొడుగు గీయక్కర్లేదని ఆ పల్లెం చూస్తే తెలుస్తుంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి, బొటనవేలి గోరు ఒక పక్క చీలింది. కళ్ళజోడు ముక్కు కొసకి జారింది, ఆవిడ అద్దాల పైనుంచి చూస్తోంది. ముక్కు పెద్దదే, నోమ్‌కి ముక్కు లేకపోతే ఎలా! కానీ అది అతికించిన వంకాయ కాదు, కనుబొమల మధ్య నుంచి వచ్చిన ఎముక కనిపిస్తుంది. నోరు మూసే ఉంది గానీ కింది పెదవి కొంచెం లోపలికి కొరుక్కుని ఉంది. చిన్న పని చేసేటప్పుడు నేనూ అలాగే చేస్తానని మా ల్యాబ్‌లో అమ్మాయిలు అంటారు. వాడు ఎప్పుడు గమనించాడో.

వెనక గోడ మీద గడియారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నదే. గంట గంటకీ గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తాడు, పక్కన కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతుంటాడు. పన్నెండింటికి కుర్చీ దొరకదు కదా, అదే. మా తమ్ముడు గవ్వ ఊరిని ఆ గడియారం చూసే అల్లాడు. బొమ్మల అబ్బాయి దాన్ని మక్కీకి మక్కీ దించకుండా, తలుపు తెరుచుకున్న క్షణంలో లోపల బొమ్మ లేకుండా వదిలేశాడు. అంటే గవ్వ దాన్నే బాగుచేస్తోందన్నమాట. ఆ ఆలోచన వాడిదే, నేను అడగలేదు. ఈ ఒక్కదానికి పైన ఇంకో ఐదొందలు ఇచ్చినా బాధపడను. ఇవ్వలేదు, అది వేరే విషయం.

ఎదిగిన నోమ్ ముఖం గేముల్లో బొత్తిగా లేదని కాదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో గాలిమర రెక్కకి కట్టేసి తిప్పుతారే, బార్కస్ రూట్, ఆ డీప్ నోమ్ ముఖం చూడండి. అలిసిపోయిన పెద్దమనిషి. రక్షించాక కూడా మన మీదే విసుక్కుంటాడు. నోమ్ అనగానే నవ్వించాలనే మొహమాటం లేని ముఖం. ఆ స్క్రీన్‌షాట్ కూడా ఇచ్చాను, వాడు కాపీ కొట్టలేదు, కనురెప్పల బరువు మాత్రం తీసుకున్నాడు. నోమ్‌ని జనం సీరియస్‌గా తీసుకోకపోవడం కొత్తేమీ కాదు. 2008లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో నోమ్‌కి చోటే లేదు, రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లోకి తోసేశారు. మరుసటి ఏడాది రెండో హ్యాండ్‌బుక్‌లో తిరిగొచ్చింది. మా తమ్ముడు ఇప్పటికీ కోపమొస్తే గవ్వని మాన్‌స్టర్ అంటాడు.

ఇక మినీ. బొమ్మ చూసిన ఊపులో మినియేచర్ కూడా చెప్పాను. ఇక్కడ నేను వదిలిపెట్టను, ఎందుకంటే రెజిన్ నా తిండి.

32 మిల్లీమీటర్ల స్కేలులో మామూలు మనిషి కళ్ళ ఎత్తు దాదాపు 32 మిల్లీమీటర్లు. మూడడుగుల నోమ్ అందులో సగం. ముఖం కందిగింజంత. ఆ కందిగింజ మీద కళ్ళజోడు, ముక్కు, కొరుక్కున్న పెదవి, అన్నీ రావాలి. దాని కోసం మినీలు చెక్కేవాళ్ళు తల, చేతులు కావాలనే పెద్దవి చేస్తారు, టేబుల్ మీద దూరం నుంచి కనిపించాలి కదా. మనిషి మినీకి ఇది నప్పుతుంది. నోమ్‌కి తల ఇంకా పెంచితే ఏమవుతుంది? మళ్ళీ చిన్నపిల్ల అయి కూర్చుంటుంది. అదే అయింది. బొమ్మలో అంత కష్టపడి తెచ్చిన దవడ మినీలో మాయం. కళ్ళు పెద్దవి చేశారు, నుదురు ఉబ్బింది, ముడతలు అసలే లేవు. చేతిలో పళ్ళచక్రం లాలీపాప్‌లా ఉంది.

ఇది మోడల్ తప్పు, అంటే ప్రింట్ కొట్టే ముందు కంప్యూటర్‌లో చెక్కే రూపం తప్పు. ప్రింటింగ్ తప్పులు వేరే. మోడల్‌ని నిటారుగా నిలబెట్టి ప్రింట్ కొట్టాడు, దాంతో ప్రింట్ అయ్యేటప్పుడు ఆసరాగా ఉండే సన్నటి పుల్లలు, సపోర్టులు, ముక్కు కింద, గడ్డం కింద వచ్చాయి. వాటిని విరిచాక ముక్కు కొసన చిన్న గుంట. వెనక్కి వంచి పెట్టుకుంటే సపోర్టులన్నీ వీపుకి, కోటు వెనక్కి పోతాయి, ముఖం శుభ్రంగా వస్తుంది. మేం చేసే క్రౌన్‌కి వెంట్రుకంత తేడా ఉన్నా డాక్టరు వెనక్కి పంపేస్తాడు, కాబట్టి ఏ వైపు సపోర్టు పెట్టకూడదో మా దగ్గర కొత్తగా చేరిన పిల్లకి కూడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది. కోటు మడతల్లో తెల్లటి పొర కూడా ఉంది. ఆల్కహాల్‌లో కడిగాక పూర్తిగా ఆరనివ్వకుండా యూవీ లైటు కింద పెట్టేస్తే అలా వస్తుంది. గోరుతో గీకితే జిగురు తగిలింది. గట్టిపడని రెజిన్ చర్మానికి మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఇది మాత్రం సర్దుకుపోవాల్సిన విషయం కాదని కొంచెం గట్టిగానే చెప్పాను.

ప్రింటర్ అబ్బాయి వాదించలేదు. డబ్బులు అడక్కుండా వెనక్కి వంచి మళ్ళీ కొట్టిచ్చాడు. ముక్కు బాగుపడింది, జిగురు పోయింది. ముఖం మాత్రం ఆ పిల్లదే, మోడల్ మార్చలేదు కదా. కళ్ళజోడు కాడ పెట్టె తెరిచేసరికే విరిగి ఉంది. అంత సన్నటి కాడ మామూలు రెజిన్‌లో నిలవదు, దాన్ని చెంపకి అతుక్కుపోయినట్టు మందంగా చెక్కాలి. ముడతలు కూడా నిజంగా ఉండేదానికన్నా లోతుగా చెక్కాలి, లేకపోతే రంగు వేశాక పైన పోసే పలచటి ముదురు వాష్ దిగడానికి గాడి ఉండదు. బొమ్మల అబ్బాయిని మోడల్ చేసేవాడి పక్కన ఒక పూట కూర్చోబెడితే సగం సమస్య తీరుతుందని నా అభిప్రాయం. ఇప్పుడు మోడల్ పని బయట ఎవరికో ఇస్తున్నారట, వాళ్ళు ఒక పాత నోమ్ తలనే అందరికీ తగిలిస్తున్నట్టు నా అనుమానం.

ధరలు. నడుము దాకా రంగులతో బొమ్మ 3,500, నిలువెత్తు బొమ్మ వెనక సీనరీతో కలిపి 5,000. మినీ ప్రింట్ 700, రంగులు వేసి ఇస్తే 1,800. సగం అడ్వాన్సు. బొమ్మకి స్కెచ్ దశలో ఎన్ని మార్పులు చెప్పినా విసుక్కోరు, రంగులు మొదలెట్టాక చెప్తే అదనం తీసుకుంటారు, అది న్యాయమే. బొమ్మకి పెట్టిన ప్రతి రూపాయీ ముట్టింది. రంగులేసిన మినీ నేను తీసుకోలేదు, మా టేబుల్ మీద ఒకరిది చూశాను, రంగులు శుభ్రంగానే ఉన్నాయి, కళ్ళు మాత్రం ఎటో చూస్తున్నాయి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి, అంతకు ముందు మెట్ల నిండా ట్యూషన్ పిల్లల చెప్పులే, పైకి ఎక్కలేరు. వినాయక చవితి ముందు మాత్రం ఆర్డర్ పెట్టకండి, బొమ్మల అబ్బాయి మండపాల డెకరేషన్ పనుల్లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. మీ క్యారెక్టర్ గురించి నాలుగు పేజీల కథ రాసుకెళ్ళొద్దు. ఏ పని చేస్తుంది, ఏ చేత్తో చేస్తుంది, ఎవరి మీద కోపం, ఈ మూడు చెప్పండి చాలు. నోమ్ మినీయే కావాలంటే తల సైజు పెంచొద్దని ముందే రాసివ్వండి, ముఖం ప్రింట్ అవగానే ఫొటో పంపమనండి.

మా తమ్ముడు కూడా అక్కడే డ్వార్ఫ్ మినీ ప్రింట్ చేయించాడు. అద్భుతంగా వచ్చిందని ఊరంతా చూపిస్తున్నాడు. రావడానికేం, సపోర్టు మచ్చలన్నీ గడ్డంలో కలిసిపోయాయి.